తూటా తగిలితే గ్యాసు బండ పేలుతుందా?

సినిమాలో హీరో పరిగెడుతుంటాడు. వెనక దొంగలు తరుముతుంటారు. దారిలో ఒక గ్యాసు బండ ఉంటుంది. హీరో వెనక్కి తిరిగి తుపాకీ పేలుస్తాడు. తూటా పోయి బండకు తగులుతుంది. ఢామ్మని బండ పేలుతుంది. మంటలు ఆకాశానికి లేస్తాయి. జీపులు గాల్లోకి ఎగురుతాయి. హాల్లో అందరూ ఈలలు వేస్తారు.

సినిమా అయిపోయాక ఇంటికి వస్తాం. వంటింట్లో అదే బండ ఉంటుంది. ఎర్రగా, పొట్టిగా, మూల నిలబడి ఉంటుంది. దాన్ని చూస్తే గుండె దడదడలాడుతుంది. "అమ్మో! ఇది బాంబే" అనిపిస్తుంది.

1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం పెట్టింది. పొదుపు సంఘాల్లో ఉన్న పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఉజ్జ్వల పథకం పెట్టింది. కట్టెపొయ్యి ముందు ఊది ఊది కళ్ళు మండించుకున్న ఎందరో ఆడవాళ్ళ ఇళ్ళకు గ్యాసు వచ్చింది. బండతో పాటు భయం కూడా వచ్చింది. ధర చూసి కొందరు, భయపడి కొందరు బండను మూలకు నెట్టారు. మళ్ళీ కట్టెలే ఏరుకున్నారు.

భయం మంచిదే. కానీ దేనికి భయపడాలో తెలియాలి. భయపడనక్కరలేని దానికి భయపడి, భయపడవలసిన దాన్ని వదిలేస్తే నష్టం ఎవరికి? మనకే.

ఇంతకీ తూటా తగిలితే బండ నిజంగా పేలుతుందా? చదివి తెలుసుకుందాం.

బండలో ఏముంది?

బండను పట్టుకుని కొంచెం ఊపండి. లోపల గళగళమని చప్పుడు వస్తుంది. నీళ్ళు ఉన్నట్టు అనిపిస్తుంది. అవి నీళ్ళు కావు. అదే గ్యాసు. గ్యాసును గట్టిగా అణచి, ఒత్తి, బండలోకి ఎక్కిస్తారు. అలా ఒత్తితే గ్యాసు నీళ్ళలాగా మారుతుంది. ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు రకాల గ్యాసులు అందులో కలిసి ఉంటాయి.

ఇంటి బండలో 14 కిలోల 200 గ్రాముల గ్యాసు ఉంటుంది. దాన్ని 14.2 కిలోలు అని రాస్తారు. బండను నిండా నింపరు. పైన కొంత ఖాళీ వదులుతారు. ఎండకు గ్యాసు వేడెక్కితే ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు ఉండాలి కదా! అందుకే ఆ ఖాళీ.

ఒక లీటరు ద్రవం బయటికి వస్తే సుమారు 250 లీటర్ల గ్యాసు అవుతుంది. ఒక్క బండలో ఉన్నదంతా బయటికి వస్తే 6 వేల లీటర్లు దాటుతుంది. నీళ్ళు పట్టుకునే 200 లీటర్ల డ్రమ్ములు 30 పెట్టినా సరిపోవు. అంత గ్యాసు ఒక చిన్న బండలో ఒదిగి ఉంది!

ఒదిగి ఉన్నది ఊరుకుంటుందా? బయటికి రావాలని లోపలి నుంచి నెడుతూ ఉంటుంది. దీన్నే ఒత్తిడి అంటారు. గోలీసోడా కొట్టినప్పుడు బుస్సుమని వస్తుంది చూశారా? అది కూడా ఒత్తిడే. మామూలు రోజుల్లో బండ లోపల బొటనవేలి గోరంత చోటు మీద సుమారు 5 నుంచి 8 కిలోల బరువు పెట్టినంత ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో సుమారు 2 కిలోల ఒత్తిడే ఉంటుంది.

ఇంత ఒత్తిడితో గ్యాసు నేరుగా పొయ్యిలోకి వస్తే ఇల్లు అంటుకుంటుంది. అందుకే మధ్యలో రెగ్యులేటర్ పెట్టారు. అది ఒత్తిడిని బాగా తగ్గిస్తుంది. కిలోల నుంచి గ్రాములకు దించుతుంది. అప్పుడే పొయ్యి మీద నీలిరంగు మంట బుద్ధిగా వెలుగుతుంది.

బండ ఎంత గట్టిది?

బండను ఉక్కు రేకుతో చేస్తారు. రేకు మందం సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. చూడడానికి తక్కువే. కానీ గుండ్రంగా ఉండడం వల్ల బలం ఎక్కువ. కోడిగుడ్డు పెంకు పలచనే కదా! గుప్పిట్లో పెట్టి అన్ని వైపులా సమంగా నొక్కితే అంత తేలిగ్గా పగలదు. బండ కూడా అంతే. లోపలి ఒత్తిడిని అన్ని వైపులా సమంగా పంచుకుంటుంది.

తయారు చేశాక ప్రతి బండకూ పరీక్ష పెడతారు. లోపల నీళ్ళు నింపి, గోరంత చోటు మీద 25 కిలోల ఒత్తిడి వచ్చేదాకా నొక్కుతారు. అంటే రోజూ మోసే ఒత్తిడికి మూడు రెట్లు పైమాట. ఆ పరీక్షలో నిలిచిన బండే మన ఇంటికి వస్తుంది.

తూటా తగిలితే ఏమవుతుంది?

తూటా చిన్నది. కానీ వేగం ఎక్కువ. పిస్తోలు తూటా సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. పెద్ద రైఫిలు తూటా అంతకు రెట్టింపు వేగంతో పోతుంది.

పిస్తోలు తూటా బండకు తగిలితే చాలాసార్లు సొట్ట పెట్టి జారిపోతుంది. రైఫిలు తూటా ఉక్కును చీల్చుకుని లోపలికి పోతుంది. చిల్లు పడుతుంది. చిల్లు పడితే ఏమవుతుంది?

చిల్లు బండ పై భాగంలో పడితే గ్యాసు బుస్సుమని బయటికి చిమ్ముతుంది. కింది భాగంలో పడితే ద్రవమే చిమ్ముతుంది. బయటికి రాగానే అది గ్యాసుగా మారుతుంది. మారేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. అందువల్ల చిల్లు దగ్గర తెల్లని మంచు కడుతుంది. బండ కూడా చల్లబడుతుంది. చల్లబడిన కొద్దీ లోపలి ఒత్తిడి తగ్గుతుంది. కొంతసేపటికి బుస తగ్గుతుంది. చివరికి బండ ఖాళీ అవుతుంది.

పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు పెద్ద పొయ్యిలు గంటల తరబడి వెలిగిస్తారు. అప్పుడు బండ మీద చెమట పట్టినట్టు నీళ్ళు కారడం, మంచు కట్టడం చూసే ఉంటారు. అదీ ఇదీ ఒకటే. ఆ చల్లని ద్రవం ఒంటి మీద పడితే నిప్పు తగిలినట్టే చర్మం బొబ్బలెక్కుతుంది.

మరి మంట ఏదీ? సినిమాలో చూపించిన పేలుడు ఏదీ?

పొయ్యికి మూడు రాళ్ళు కావాలి. ఒక్క రాయి తీసేస్తే కుండ నిలవదు. మంటకు కూడా మూడు రాళ్ళు కావాలి. మొదటిది మండే సరుకు. రెండోది గాలి. మూడోది నిప్పు. ఈ మూడూ ఒక్కచోట కలిస్తేనే మంట.

బండ లోపల గ్యాసు ఉంది. గాలి లేదు. నిప్పు లేదు. అందువల్ల లోపల మంట పుట్టదు. తూటా సీసంతో, రాగితో చేసింది. ఉక్కుకు తగిలినా అది పెద్దగా నిప్పురవ్వలు రాల్చదు. తూటా చిల్లు పెడుతుంది. అంతే. నిప్పు తేదు.

ఇంకో సంగతి. బయటికి వచ్చిన గ్యాసు కూడా ఎంత పడితే అంత ఉంటే మండదు. పప్పులో ఉప్పులాగా పాళ్ళు కుదరాలి. గ్యాసు, గాలి కలిసిన నూరు పాళ్ళలో గ్యాసు సుమారు 2 నుంచి 9 పాళ్ళ దాకా ఉంటేనే మంట అంటుకుంటుంది. అంతకన్నా తక్కువైతే మండే సరుకు చాలదు. ఎక్కువైతే గాలి చాలదు.

అమెరికాలో మిత్‌బస్టర్స్ అనే టీవీ కార్యక్రమం వచ్చేది. సినిమాల్లో చూపించేవి నిజమో కాదో పరీక్ష చేసి చూపించేవాళ్ళు. 2008లో వాళ్ళు గ్యాసు బండను తుపాకులతో కాల్చి చూశారు. పిస్తోలు తూటాలు బండను చీల్చలేకపోయాయి. ఇంకా పెద్ద తుపాకీ చిల్లు పెట్టింది. గ్యాసు బయటికి చిమ్మింది. పేలుడు మాత్రం రాలేదు. చివరికి నిప్పుతో మండుతూ పోయే ప్రత్యేకమైన తూటాలు వాడారు. అప్పుడు గాని బండ పేలలేదు. అంటే మూడో రాయిని వాళ్ళే తెచ్చి పెట్టవలసి వచ్చింది.

సినిమావాళ్ళు పేలుడు మందు, పెట్రోలు ముందే అమర్చుకుంటారు. హీరో తుపాకీ ఎత్తగానే వెనక ఎవరో మీట నొక్కుతారు. మనకు కనిపించేది ఆ మంట.

అయితే తూటా తగిలితే ప్రమాదమే లేదా? ఉంది. బండకు చిల్లు పడినప్పుడు పక్కనే పొయ్యి వెలుగుతుంటే? బీడీ కాలుతుంటే? మూడు రాళ్ళూ కలిసినట్టే. భగ్గుమని అంటుకుంటుంది. ప్రమాదం తూటాలో లేదు. కారిన గ్యాసుకు నిప్పు కలవడంలో ఉంది.

వేరే బండల సంగతి

బండలన్నీ ఒకటి కావు. ఆస్పత్రిలో ఆక్సిజన్ బండ ఉంటుంది. ఆక్సిజన్ తనంతట తాను మండదు. కానీ చిన్న మంటను పెద్ద మంట చేస్తుంది. అందుకే ఆక్సిజన్ పెట్టిన రోగి దగ్గర అగరువత్తి కూడా వెలిగించకూడదు. నిండు ఆక్సిజన్ బండలో గోరంత చోటు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి ఉంటుంది. అది కింద పడి పైన ఉన్న వాల్వు విరిగితే గ్యాసు ఒక్కసారిగా తన్నుకొస్తుంది. బండ తారాజువ్వలాగా దూసుకుపోతుంది. గోడను కూడా పగలగొట్టగలదు. అందుకే దాన్ని గొలుసుతో కట్టి ఉంచుతారు.

జాతరలో బుడగలవాడి దగ్గర ఒక బండ ఉంటుంది. కొందరు అందులో హైడ్రోజన్ గ్యాసును అక్కడికక్కడే తయారు చేస్తారు. పాత బండలో కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు వేసి మూత బిగిస్తారు. లోపల వేడి పుడుతుంది. ఒత్తిడి పెరుగుతూ పోతుంది. బండకు పరీక్ష లేదు, కొలత లేదు. ఇలాంటి బండలు జాతరల్లో పేలిన సంఘటనలు ఉన్నాయి. అక్కడ తుపాకీ ఎవరూ పేల్చలేదు. బుడగ కొనాలంటే పెద్దవాళ్ళు వెళ్ళి కొనాలి. పిల్లల్ని ఆ బండ చుట్టూ మూగనివ్వకూడదు.

బండ అసలు ఎప్పుడు పేలుతుంది?

వేసవిలో గుడిసెలు అంటుకుంటాయి. "మంటలకు గ్యాసు బండలు పేలాయి" అని పేపర్లో చదువుతాం. జాగ్రత్తగా చదవండి. మంట ముందు వచ్చింది. పేలుడు తర్వాత వచ్చింది. ఎందుకు?

కుండలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టండి. నీళ్ళు ఉన్నంత మేర కుండ మాడదు. నీళ్ళు వేడిని తాగేస్తాయి. నీళ్ళు లేని కుండ ఎర్రగా కాలి పగులుతుంది.

బండ చుట్టూ మంట ఉంటే ఇదే జరుగుతుంది. లోపలి ద్రవం మరుగుతుంది. ఒత్తిడి గంట గంటకూ కాదు, నిమిష నిమిషానికీ పెరుగుతుంది. ద్రవం ఉన్న కింది భాగం కొంత తట్టుకుంటుంది. ద్రవం లేని పై భాగం ఎర్రగా కాలి మెత్తబడుతుంది. మెత్తబడిన ఉక్కు ఒత్తిడిని ఆపలేదు. చీలిపోతుంది. లోపల మరుగుతున్నదంతా ఒక్క క్షణంలో గ్యాసై బయట పడుతుంది. చుట్టూ మంట ఉండనే ఉంది. పెద్ద నిప్పుల బంతి లేస్తుంది. ఉక్కు ముక్కలు దూరంగా ఎగిరి పడతాయి.

తూటా పెట్టేది చిల్లు. మంట చేసేది చీలిక. ఈ తేడా గుర్తు పెట్టుకోవాలి. అందుకే బండ చుట్టూ మంట లేస్తే సామాను కోసం లోపలికి పోకూడదు. బంగారమైనా సరే, బియ్యమైనా సరే. అందరూ దూరంగా పోవాలి. 101కి ఫోను చేయాలి. ఫైరింజను రాగానే లోపల ఎన్ని బండలు ఉన్నాయో వాళ్ళకు చెప్పాలి.

తుపాకీ లేకుండానే...

1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం చమురు శుద్ధి కర్మాగారంలో పెద్ద ప్రమాదం జరిగింది. ఓడ నుంచి వంట గ్యాసు దింపే పని నడుస్తోంది. గ్యాసు కారింది. వంట గ్యాసు గాలికన్నా బరువు. పొగలాగా పైకి పోదు. నీళ్ళలాగా నేల మీద పరుచుకుంటుంది. తెల్లవారిన కొద్దిసేపటికే ఆ గ్యాసుకు నిప్పు తగిలింది. సుమారు 60 మంది చనిపోయారు.

2014 జూన్ 27న నగరం గ్రామంలో ఇంకో ప్రమాదం జరిగింది. అప్పుడు అది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉంది. ఊరి పక్కగా పోయే గ్యాసు పైపులైను కారింది. అది మన బండలో ఉండే గ్యాసు కాదు. భూమి లోపలి నుంచి తీసే గ్యాసు. చీకట్లో అది ఇళ్ళ మధ్యకు పాకింది. తెల్లవారుజామున టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే మంట లేచిందని పత్రికలు రాశాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు.

రెండు చోట్లా తూటా లేదు. కారిన గ్యాసు ఉంది. గాలి ఉంది. ఎక్కడి నుంచో ఒక నిప్పురవ్వ వచ్చింది. మూడు రాళ్ళూ కలిశాయి.

అత్త, కోడలు

మన ఇంట్లో గ్యాసు కారితే ఎలా తెలుస్తుంది? నిజానికి గ్యాసుకు వాసన లేదు. కారితే మనకు తెలియాలని కావాలనే ఒక కుళ్ళు వాసన కలుపుతారు. ఆ వాసనే మనకు కాపలా కుక్క. అది మొరిగితే నిద్ర లేవాలి.

ఒక ఇంట్లో ఏం జరిగిందో చదవండి. తెల్లవారుజాము. అత్త లేచి వంటింటి తలుపు తీసింది.

"ఏమే అమ్మాయ్, ఇదేం వాసనే? ఎలుక గానీ చచ్చిందేమో! ఉండు, లైటు వేసి చూస్తా."

"అత్తయ్యా! స్విచ్చి ముట్టుకోకండి!" కోడలు పరిగెత్తుకొచ్చింది.

"ఎందుకే అంత అరుపు?"

"అది గ్యాసు వాసన అత్తయ్యా. స్విచ్చి వేస్తే లోపల చిన్న నిప్పురవ్వ వస్తుంది. మన కంటికి కనబడదు. గ్యాసుకు అది చాలు."

"అయ్యో! అయితే వెలుగుతున్న వరండా లైటన్నా ఆర్పేస్తా."

"ఆర్పినా నిప్పురవ్వ వస్తుంది. వెయ్యకూడదు, ఆర్పకూడదు. మీరు పిల్లల్ని తీసుకుని బయటికి పోండి."

కోడలు దొడ్డి తలుపు తీసింది. కిటికీ తీసింది. చీకట్లోనే తడుముకుని రెగ్యులేటర్ కట్టేసింది. రెగ్యులేటర్ ఊడదీసి బండకు మూత బిగించింది. తర్వాత తనూ బయటికి వచ్చింది. పక్కింటి వాకిట్లోకి పోయి 1906కు ఫోను చేసింది. అది గ్యాసు కారితే చెప్పవలసిన నంబరు.

"ఈ నంబరు నీకెలా తెలుసే?" అంది అత్త.

"గ్యాసు పుస్తకం మీద ఉంది కదత్తయ్యా. చదివాను."

తెల్లవారాక చూస్తే ట్యూబు పగుళ్ళిచ్చి ఉంది. ఎలుక కూడా కొరికింది. ఆ ట్యూబు మార్చి చాలా ఏళ్ళయింది.

చూశారా! ఇంటి మీదికి ప్రాణభయం తెచ్చింది తూటా కాదు. పగిలిన ట్యూబు.

వంటింట్లో చేయవలసినవి

ట్యూబును 5 ఏళ్ళకు ఒకసారి మార్చాలి. దాని మీద తేదీ రాసి ఉంటుంది. గుడ్డ చుట్టి దాచకూడదు. పగిలితే కనబడదు.

పొయ్యి ఎత్తు మీద ఉండాలి. బండ నేల మీద, నిటారుగా ఉండాలి. కారిన గ్యాసు నేలబారుగా పోతుంది. పొయ్యి కూడా నేల మీదే ఉంటే మంట దానికి ఎదురొచ్చినట్టే. గట్టు లేకపోతే ఇటుకల మీద నాపరాయి వేసుకుని పొయ్యి పెట్టుకోవచ్చు.

గ్యాసు బండ ఉన్న గదిలో కట్టెపొయ్యి, కిరోసిన్ పొయ్యి వెలిగించకూడదు.

గ్యాసు అయిపోవస్తే కొందరు బండను పడుకోబెడతారు. కొందరు వేడినీళ్ళలో పెడతారు. రెండూ తప్పే. పడుకోబెడితే గ్యాసుకు బదులు ద్రవమే ట్యూబులోకి వస్తుంది. మంట ఒక్కసారిగా ఎగుస్తుంది.

గ్యాసు కారుతోందేమో చూడడానికి అగ్గిపుల్ల గీయకూడదు. సబ్బు నురగ రాయాలి. బుడగలు లేస్తే కారుతున్నట్టే.

రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయాలి. పొయ్యి నాబు ఒక్కటే కడితే చాలదు.

బండ మీది అక్షరాలు చదువుదాం

చదువు వచ్చింది. ఇక బండను కూడా చదువుదాం. బండ పైన పట్టుకునే చుట్టు ఉంటుంది. దాన్ని మోసే మూడు పట్టీలు ఉంటాయి. ఒక పట్టీ లోపలి వైపు ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. బండకు మళ్ళీ పరీక్ష ఎప్పుడు చేయాలో అది చెబుతుంది.

ఏ అంటే జనవరి నుంచి మార్చి.
బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్.
సీ అంటే జూలై నుంచి సెప్టెంబరు.
డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు.

అంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. సీ 28 అని ఉంటే 2028 సెప్టెంబరు ఆఖరు దాకా గడువు ఉంది. గడువు దాటిన బండ ఇస్తే తీసుకోకూడదు. "ఇది మార్చి ఇవ్వు బాబూ" అని అడగాలి. బండ తెచ్చిన అబ్బాయి ముందే మూత తీయించి వాసన చూడాలి.

ఇంకో పట్టీ మీద ఖాళీ బండ బరువు ఉంటుంది. ఒక లెక్క చేద్దాం. ఖాళీ బండ బరువు 15.3 కిలోలు. గ్యాసు 14.2 కిలోలు. రెండూ కలిపితే 29.5 కిలోలు. కాటా మీద పెడితే 28.1 కిలోలే తూగింది. ఎంత తక్కువ? 1.4 కిలోలు. ఆ గ్యాసు ఏమైంది? ఎవరైనా తీసుకుని ఉండాలి. లేదా బండ కారుతూ ఉండాలి. తూచి ఇమ్మని అడిగే హక్కు మనకు ఉంది.

"బండ పేలింది" అన్నప్పుడు

బండ ఎలా పేలుతుందో తెలుసుకున్నాం. ఈ తెలివి ఇంకో పనికి కూడా వస్తుంది.

ఒక్కోసారి ఊళ్ళో మాట పుడుతుంది. "గ్యాసు పేలి ఫలానా వాళ్ళ కోడలు కాలిపోయింది" అంటారు. అందరూ అయ్యో అంటారు. సినిమాలో చూసిన పేలుడు కళ్ళ ముందు ఆడుతుంది. ఎవరూ ఏమీ అడగరు.

అడగాలి. బండ పేలితే ఉక్కు చీలి ఉంటుంది. గోడలు పగులుతాయి. తలుపులు, రేకులు ఎగిరిపోతాయి. కారిన గ్యాసు అంటుకుంటే గది మాడుతుంది. ట్యూబు కాలుతుంది. బండ చెక్కుచెదరలేదు. ట్యూబు బాగానే ఉంది. గోడకు మసి లేదు. కోడలు ఒక్కతే కాలిపోయింది. అప్పుడు పేలింది ఏమిటి?

చీర కొంగు అంటుకుని నిజంగా ప్రమాదాలు జరుగుతాయి. అందుకే తొందరపడి ఎవరి మీదా నింద వేయకూడదు. తీర్పు చెప్పేది కోర్టు. కానీ ప్రశ్న అడగవలసింది ఊరు. వంటింటిని కడిగేయకుండా పోలీసులు వచ్చేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచమని చెప్పవలసింది ఇరుగుపొరుగు.

పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడపిల్ల కాలిన గాయాలతో చనిపోయి, అంతకుముందు కట్నం కోసం ఆమెను వేధించారని తేలితే దాన్ని వరకట్న మరణం అంటారు. ఈ చట్టం 1986లో వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అనే కొత్త చట్టంలో ఇది 80వ సెక్షన్‌గా ఉంది. నేరం రుజువైతే కనీసం ఏడేళ్ళ జైలు. ఇంట్లో వేధింపు ఉంటే ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగనక్కరలేదు. 181కి గానీ 112కి గానీ ఫోను చేయవచ్చు.

గుర్తుంచుకుందాం

తూటా బండకు చిల్లు పెట్టవచ్చు. తూటా ఒక్కటే బండను పేల్చదు.
గ్యాసు, గాలి, నిప్పు కలిస్తేనే మంట.
మంటలో చిక్కిన బండ పేలుతుంది. దాని దగ్గరికి పోకూడదు.
వంట గ్యాసు నేల మీద పాకుతుంది.
వాసన వస్తే స్విచ్చి వెయ్యకూడదు, ఆర్పకూడదు. తలుపులు తీయాలి. రెగ్యులేటర్ కట్టేయాలి. బయటికి పోయి 1906కు ఫోను చేయాలి.

జవాబులు రాయండి

1. మంటకు కావలసిన మూడు రాళ్ళు ఏవి?
2. బండ లోపల గ్యాసు ఉన్నా అక్కడ మంట ఎందుకు పుట్టదు?
3. ఖాళీ బండ బరువు 15.8 కిలోలు. గ్యాసు 14.2 కిలోలు. నిండు బండ ఎంత తూగాలి?
4. బీ 29 అని ఉన్న బండ గడువు ఏ నెలతో అయిపోతుంది?

ఇంటికి వెళ్ళి చేయండి

మీ ఇంటి బండ మీది అక్షరం, అంకెలు చూసి నోటుపుస్తకంలో రాసుకోండి. ట్యూబు మీది తేదీ చూడండి. మీకు గ్యాసు లేకపోతే పక్కింటి బండను చూడండి. చదువు రాని పొరుగువారికి మీరే చదివి చెప్పండి.